ఆగస్టు రన్‌కి ముందు మీ మందుల డబ్బా ఒకసారి తెరవండి

హైదరాబాద్ మారథాన్ దగ్గర పడుతోందంటే చాలు మా రన్నింగ్ గ్రూప్‌లో ఒకటే గోల, ఏ షూ కొన్నావ్, ఏ జెల్ తింటావ్, పేస్ ఎంత పెట్టుకున్నావ్ అని. పొద్దున్నే స్టార్ట్ లైన్‌కి వచ్చే ముందు ఏం గోలీ వేస్కొచ్చావ్ అని మాత్రం ఎవ్వరూ అడగరు. అందుకే ఈ పోస్ట్.

ముందుగా పెయిన్ కిల్లర్ సంగతి, ఎందుకంటే అసలు డేంజర్ ఇక్కడే. మోకాలు కొంచెం పట్టేసినట్టుంది కదా అని నెక్లెస్ రోడ్డు మీద వార్మప్ చేస్తూనే స్ట్రిప్ చింపి, పరగడుపున ఒకటి నోట్లో వేస్కునేవాళ్ళని చాలామందిని చూశా. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఒకే జాతి, కాంబిఫ్లామ్‌లో ఉండేది కూడా ఇబుప్రొఫెనే, దానికి పారాసిటమాల్ తోడు. పరిగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్ళకీ చర్మానికీ పోద్ది, కిడ్నీలకి వెళ్ళే వాటా తగ్గిపోద్ది, పైగా ఆగస్టు తేమలో చెమట ఆరదు, కారుతూనే ఉంటది, దాంతో ఇంకా తగ్గుద్ది. ఆ టైంలో కిడ్నీ రక్తనాళాలు ముడుచుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అని ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. నొప్పి పెంచేవీ అవే, ఈ గోలీలు ఆపేదీ వాటినే. అంటే మోకాలి కోసం వేస్కున్న టాబ్లెట్ కిడ్నీ నోరు కొట్టేస్తోందన్నమాట.

2010లో జర్మనీలో బాన్ మారథాన్‌కి వచ్చిన రన్నర్లని అడిగితే దాదాపు సగం మంది రేస్‌కి ముందే పెయిన్ కిల్లర్ వేస్కున్నామన్నారు. ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందని చెప్పినవాళ్ళు 9 మంది, ఆ 9 మందీ గోలీ వేస్కున్న బ్యాచే. ఇబుప్రొఫెన్ తీస్కున్న 3 మందికి కిడ్నీలు కొన్నాళ్ళు పని చెయ్యలేదు, ఆస్పిరిన్ తీస్కున్నవాళ్ళలో నలుగురికి బ్లీడింగ్, ఇద్దరికి హార్ట్ ఎటాక్.

అంత దూరం ఎందుకు, మా గ్రూప్‌లో ఒకడు రేస్ ముందు ఒకటి, మధ్యలో ఇంకోటి వేసి, చివర్లో ఫ్లైఓవర్ ఎక్కలేక గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు, ఒకటే వాంతులు. ఎండ దెబ్బ అనుకున్నాం. సాయంత్రం ఫోన్ చేసి "అన్నా, యూరిన్ కోలా కలర్‌లో వస్తోంది" అన్నాడు, అప్పుడు పరిగెత్తాం ఆస్పత్రికి. రెండు రోజులు డ్రిప్ ఎక్కించారు. ఆ రంగు కనిపిస్తే పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు, అదే రాత్రి వెళ్ళిపోండి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ జాతి గోలీలు ఒంట్లో నీళ్ళు పట్టి ఉంచుతాయి, దానికి తోడు భయంతో ప్రతి స్టాల్ దగ్గరా దాహం లేకపోయినా గ్లాసులు గ్లాసులు తాగేస్తే రక్తంలో సోడియం పడిపోద్ది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, చూడ్డానికి డీహైడ్రేషన్ లాగే ఉంటది గానీ కాదు, ఇంకా నీళ్ళు తాగిస్తే ఇంకా ముదురుద్ది.

మరి డోలో వేస్కోవచ్చా అంటే, కిడ్నీ వరకు పారాసిటమాల్ కొంచెం నయమే, కానీ జలుబు టాబ్లెట్లలో కూడా చాలావాటిలో అదే ఉంటది, తెలీకుండా డోస్ డబులై లివర్ మీద పడుద్ది. జ్వరమొచ్చి డోలో వేస్కుని పరిగెత్తడం అయితే అస్సలు వద్దు, బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేస్ నంబర్ కాగితం) డబ్బులు పోతే పోయాయి.

ఇక నా కథ. పోయినేడు ట్రైనింగ్ మధ్యలో పానీపూరి తిని మోషన్స్ పట్టుకున్నాయి, మెడికల్ షాపు అతను ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు, నేనూ పేరు కూడా చూడలేదు. నాలుగో రోజు లాంగ్ రన్‌లో మడమ వెనక నరం లాగేస్తున్నట్టు నొప్పి, షూ మీద కోపం తెచ్చుకున్నా. ఇంటికొచ్చి స్ట్రిప్ తిప్పి చూస్తే ఒఫ్లోక్సాసిన్. పేరు చివర "ఫ్లోక్సాసిన్" అని ఉండే యాంటీబయాటిక్స్, అంటే సిప్రో, లీవో లాంటివి, మడమ వెనక ఉండే ఆ నరం లాంటి పట్టీని, అంటే అకిలిస్ టెండన్‌ని దెబ్బతీయొచ్చు, తెగిపోయే రిస్క్ కూడా ఉంది, అమెరికాలో 2008 నుంచే వీటి మీద పెద్ద వార్నింగ్ వేయిస్తున్నారు. 60 దాటినవాళ్ళకీ, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకీ రిస్క్ ఎక్కువ, కోర్సు అయిపోయిన నెలల తర్వాత కూడా రావొచ్చు. డాక్టర్ దగ్గర "సార్, నేను రన్నర్‌ని, వేరేది ఉందా" అని ఒక్క మాట అడగండి. మడమ పట్టేస్తే ఆ రోజే రన్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

బీపీ, షుగర్ వాళ్ళు మందులు సొంతంగా ఆపొద్దు, అది మొదటి మాట. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీళ్ళ మాత్ర (యూరిన్ ఎక్కువ పోయించేది) కూడా వాడుతూ పైన పెయిన్ కిల్లర్ వేశారంటే కిడ్నీకి మూడు వైపుల నుంచి దెబ్బ. మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడితే గుండె వేగం అంతగా పెరగదు, మా బాబాయ్ వాచ్‌లో 120 దాటట్లేదని తెగ మురిసిపోయాడు, ఫిట్‌నెస్ కాదు బాబాయ్, అది గోలీ! వాచ్ జోన్లు పక్కన పెట్టి, మాట్లాడుతూ పరిగెత్తగలుగుతున్నారా లేదా చూస్కోండి. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళ జేబులో గ్లూకోజ్ ఉండాల్సిందే. షుగర్‌కే డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు మాత్రం రేస్‌కి ముందే డాక్టర్‌తో మాట్లాడండి, అది యూరిన్‌లో నీళ్ళు లాగేస్తది, షుగర్ నార్మల్ చూపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగిపోవచ్చు.

కొన్ని జలుబు టాబ్లెట్లు గుండె దడ పెంచుతాయి, అలర్జీకి వేసే అవిల్ లాంటివి మత్తుతో పాటు చెమటని కూడా తగ్గిస్తాయి, వేడి లోపలే ఉండిపోద్ది. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతూ పిక్కల నొప్పి వారం దాటినా తగ్గకపోతే లాంగ్ రన్ మీద తోసెయ్యకుండా బ్లడ్ టెస్ట్ చేయించండి.

చివరగా, బిబ్ వెనక ఖాళీ ఉంటది కదా, ఎవరూ నింపరు. అక్కడ వాడే మందుల పేర్లు, ఇంట్లోవాళ్ళ నంబర్ బాల్‌పెన్నుతో రాయండి, జెల్ పెన్ను అయితే చెమటకి చెరిగిపోద్ది.