ఎర్ర అంగీకి లోతు వచ్చింది ఇలా
28 మిల్లీమీటర్ల మాంత్రికుడి బొమ్మకి రంగులు వేస్తున్నాను. మూరెడు దూరంలో పెడితే ఎర్ర అంగీ ఒకే ముద్దలా కనిపించేది. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే విషయం అర్థమైంది: మడతల లోతులకీ, పైకి తేలే అంచులకీ వెలుగునీడల తేడానే లేదు.

ఎరుపుకి నలుపు కలిపితే మురికిగా అవుతుంది, తెలుపు కలిపితే గులాబీ అవుతుంది. అందుకే మడతల లోతుల్లో ముదురు నీలం కలిపిన ఎరుపు వేశాను. అంచులకి నారింజ, వెలుగు నేరుగా పడే భుజాల మీద మాత్రం కాస్త పసుపు.

బ్లెండింగ్‌కి, అంటే ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలిసేలా చేయడానికి, గ్లేజింగే (పల్చటి రంగు పొరలు ఒకదానిపై ఒకటి వేయడం) నాకు నచ్చుతుంది. రంగుని పాలకన్నా పల్చగా చేసి, బ్రష్‌ని టిష్యూకి అద్ది, నీడ వైపుకే లాగాలి. బ్రష్ ఎత్తిన చోటే రంగు ఎక్కువగా నిలుస్తుంది, కిటుకంతా అక్కడే ఉంది. పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి వేయాలి. మన ఎండాకాలంలో అక్రిలిక్ రంగు చిటికెలో ఎండిపోతుంది కాబట్టి తడి స్పాంజ్ మీద బేకింగ్ పేపర్ పరిచి దానిమీదే కలుపుకోండి.