చేతులు వాడకుండా కంప్యూటర్: తలతో మౌస్, గొంతుతో టైపింగ్

చేతులు పనిచేయకపోయినా మెడ తిరుగుతూ మాట స్పష్టంగా ఉంటే, విండోస్ కంప్యూటర్‌ను మామూలు వెబ్‌క్యామ్‌తోనే నడపొచ్చు. తల కదలికను మౌస్‌గా మార్చే ఈవయాక్యామ్ (eViacam) అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. బాణం గుర్తును తలకు, టైపింగ్‌ను గొంతుకు అప్పగించండి. బాణాన్ని కూడా మాటలతోనే జరపబోతే చిన్న పనికే గొంతు అలిసిపోతుంది. మొదటిసారి అమర్చేటప్పుడు మాత్రం ఇంకొకరు పక్కన ఉండాలి.

కెమెరా కళ్ల ఎత్తులో, సుమారు రెండడుగుల దూరంలో ఉండాలి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది, అందుకే వెలుతురు ఎదురుగా పడేలా కూర్చోబెట్టండి. వెలుతురు చాలకపోతే కెమెరా సెకనుకు తీసే ఫ్రేములు తగ్గిపోయి, బాణం తలకంటే ఆలస్యంగా కదులుతుంది. చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తప్పుపడతారు కానీ లైటు వేస్తే సరిపోతుంది. ట్యూబ్‌లైటు కింద చిత్రం మినుకుమంటే కెమెరా సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ ఎంచుకోండి.

ఈవయాక్యామ్‌లో బాణం అడ్డం వేగం, నిలువు వేగం విడివిడిగా మార్చొచ్చు. మెడ పైకీ కిందకీ తక్కువ వంగేవాళ్లకు నిలువు వేగం పెంచండి. తెర అంచు అందుకోవడానికి మెడ నొప్పి పెడుతోందంటే వేగం చాలడం లేదన్నమాట. తల వణికేవాళ్లకు బాణం కుదుపులను తగ్గించే స్మూత్‌నెస్ పెంచాలి, కానీ మరీ పెంచితే బాణం బరువెక్కినట్టు కదులుతుంది. బాణం ఒకచోట ఆగితే దానంతటదే క్లిక్ అయ్యే సమయం మొదట ఒకటిన్నర సెకను పెట్టి, అలవాటయ్యాక తగ్గించండి. చదివేటప్పుడు, వీడియో చూసేటప్పుడు క్లిక్ విండోలో 'నో క్లిక్' ఎంచుకోకపోతే బాణం ఆగిన చోటల్లా ఏదో ఒకటి తెరుచుకుంటుంది.

కాసేపటికి తల నిటారుగా ఉన్నా బాణం పక్కకు జరిగి ఉంటుంది. దాన్ని అది జరిగిన వైపు తెర అంచుకు తోసి, తలను ఇంకొంచెం అదే వైపు తిప్పి వెనక్కి రండి. మళ్లీ మధ్యకు వస్తుంది.

తెర మీది కీబోర్డులో, బాణాన్ని అక్షరం మీద ఆపితే టైపయ్యే 'హోవర్ ఓవర్ కీస్' పెట్టి, ఈవయాక్యామ్ ఆటోమేటిక్ క్లిక్ కూడా ఉంచితే అక్షరాలు రెండేసి పడతాయి. ఒకటే ఉంచండి. పాస్‌వర్డులకు ఈ కీబోర్డే వాడండి, నలుగురిలో పైకి చెప్పకండి.

తెలుగులో రాయడానికి క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్, అందులో తెలుగు ఎంచుకుని, తలతోనే మైక్ బొమ్మ నొక్కండి. మాటలతో కంప్యూటర్‌ను నడిపే విండోస్ 11లోని వాయిస్ యాక్సెస్‌కు తెలుగు రాదు, ఆదేశాలు ఇంగ్లీషులో చెప్పాలి. 'షో నంబర్స్' అంటే తెర మీది ప్రతి బటన్‌కూ అంకె వస్తుంది, ఆ అంకె చెబితే నొక్కినట్టే. చిన్న బటన్లకు ఇదే సులువు. తెలుగు మొదలుపెట్టేముందు 'వాయిస్ యాక్సెస్ స్లీప్' అనండి. లేదంటే మీ తెలుగు మాటలను ఇంగ్లీషు ముక్కలుగా టైపు చేస్తుంది.

లాగిన్ తెర దగ్గర ఈవయాక్యామ్ ఇంకా మొదలై ఉండదు. వాయిస్ యాక్సెస్‌ను సైన్ ఇన్‌కు ముందే మొదలయ్యేలా సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్‌లో టిక్ పెట్టండి. అప్పుడే కంప్యూటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలవాల్సిన అవసరం ఉండదు.