కళ్లు గుంటలు పడ్డాయా? కారణం కనిపెట్టడం నుంచి ఫిల్లర్ దాకా ఏం చేయాలి

పెళ్లి భోజనాల దగ్గర దూరపు చుట్టం ఒకావిడ గడ్డం పట్టుకుని, "ఏమ్మా, ఇలా చిక్కిపోయావు? కళ్లు లోపలికి పోయాయి, నిద్రపోవట్లేదా?" అని అడుగుతుంది. ఆ రాత్రే ఫోన్లో అండర్ ఐ క్రీమ్ ఆర్డర్ పెట్టేస్తాం. నెల తిరిగేసరికి సగం ట్యూబు అయిపోతుంది, గుంటలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. క్రీము పనిచేసేది చర్మం మీద. గుంట ఉన్నది చర్మం కింద.

ఆవిడ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఎప్పటి నుంచి?" ఆ ఒక్క జవాబుతో సగం సంగతి తేలిపోతుంది.

మొదటి మెట్టు: పాత ఫోటోలు బయటికి తీయండి

ఐదేళ్లవి, పదేళ్లవి. ఆధార్ కార్డు మీది వద్దు, అందులో అందరి కళ్లూ గుంటలే. పగటి వెలుతురులో ఎదురుగా చూస్తూ తీయించుకున్నవి చూడండి. ఇంటర్మీడియట్ ఫోటోలోనూ కళ్లు అలాగే ఉండి, నాన్నకో మేనత్తకో అదే తీరు ఉంటే అది మీ ఎముకల కట్టు. జబ్బు కాదు, దానికి మందూ అక్కర్లేదు.

కొన్నేళ్లుగా మెల్లగా వచ్చిందంటే వయసు. దూది పరుపు గుర్తు తెచ్చుకోండి. కొత్తలో ఉబ్బుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దూది అణిగిపోతుంది, కుట్టు వేసినచోట దారం మాత్రం బిగువుగానే ఉంటుంది, అక్కడ గుంట పడుతుంది. కంటి కింద కూడా దాదాపు ఇదే జరుగుతుంది. కొవ్వు తగ్గుతుంది, కంటి గూటి అంచు ఎముక కొద్దిగా అరుగుతుంది, చర్మాన్ని ఎముకకు పట్టి ఉంచే పీచు మాత్రం కదలదు. ముక్కు పక్క నుంచి చెంప మీదికి కన్నీటి చారలా దిగే గీత అలా ఏర్పడుతుంది.

కొన్ని వారాల్లో వచ్చిందంటే బరువు చూసుకోండి. పస్తులుండి డైటింగ్ చేసినా, బరువు తగ్గించే ఇంజెక్షన్లతో గబగబా కిలోలు దిగినా ముఖంలో కొవ్వు కూడా పోతుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి మందులు 2025లో మన మార్కెట్లో బరువు తగ్గడానికి దొరకడం మొదలయ్యాక, "ఒళ్లు తగ్గింది సరే, ముఖం పీక్కుపోయిందేంటి" అనే మాట ఇక్కడా వినిపిస్తోంది. ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గుతుంటే మాత్రం అందం సంగతి పక్కన పెట్టి షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి, డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఇక గంటల్లో వచ్చిందంటే?

రెండో మెట్టు: గంటల్లో వస్తే ముందు నీళ్లు

వాంతులు, విరేచనాలు, వడదెబ్బ. ఒంట్లో నీరు తగ్గితే కళ్లు లోపలికి పోతాయి. పెద్దవాళ్లు తట్టుకుంటారేమో, పసిపిల్లలకీ ముసలివాళ్లకీ ఇది ప్రమాదం. పిల్లలకు విరేచనాలైనప్పుడు ఆరోగ్య కార్యకర్తలు చూసే గుర్తుల్లో ఇదొకటి. అయితే వాళ్లకు నేర్పే ఒక చిన్న మెలకువ ఉంది: "బిడ్డ కళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా, ఇవాళే ఇలా ఉన్నాయా?" అని తల్లిని అడగాలి. బాగా బక్కచిక్కిన పిల్లల కళ్లు మామూలు రోజుల్లోనూ లోతుగానే కనిపిస్తాయి మరి. చూశారా, ఇక్కడా ప్రశ్న అదే, ఎప్పటి నుంచి.

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మెల్లగా దిగుతుంటే నీరు తగ్గినట్టే. దిగడానికి రెండు సెకన్లు దాటినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. నెలల పిల్లల్లో మాడు కుంగినట్టుంటే అదీ ఇదే గుర్తు.

తాగగలిగితే ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీద చదివి కలపండి, అంచనాగా వద్దు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పై వయసు వాళ్లకు 100 నుంచి 200 పట్టాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపండి.

టెట్రా ప్యాక్‌లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. అలాంటి డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపించొచ్చు, లేబుల్ చదివే కొనండి.

మూడో మెట్టు: రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయా?

ఒక్క కన్నే లోపలికి పోతే బ్యూటీ క్లినిక్‌కి వెళ్లకూడదు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బైకు మీంచి పడ్డప్పుడో బంతి తగిలినప్పుడో కంటి గూటి అడుగు ఎముక పగిలి ఉండొచ్చు. వాపు తగ్గాకే కన్ను దిగిన సంగతి తెలుస్తుంది. చెంప వెనకున్న సైనస్ మూసుకుపోయి, నొప్పి లేకుండానే కంటి గూటి అడుగు కిందికి జారే జబ్బు కూడా ఉంది. ఒకవైపు రెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదైతే అది నరాలకు సంబంధించింది. హఠాత్తుగా వస్తే ఆలస్యం చేయకూడదు.

గ్లకోమాకి, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బుకి చుక్కల మందు వాడేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. లాటనోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ రకం చుక్కలు నెలల తరబడి వేస్తే పైరెప్ప మీద గుంట లోతవుతుంది. ఒక కంట్లోనే వేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాగని చుక్కలు మానేయకండి, చూపు పోతుంది. డాక్టర్‌కి చెబితే వేరే రకం మందు ఇవ్వొచ్చేమో చూస్తారు. కనురెప్పల వెంట్రుకలు ఒత్తుగా పెరగడానికి అమ్మే సీరమ్‌లలోనూ కొన్నింట్లో ఇదే జాతి మందు ఉంటుంది.

నాలుగో మెట్టు: అద్దం ముందు పరీక్ష

రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి, ఒంట్లో బాగుంది, చాలాకాలంగా ఉంది. అలాంటప్పుడు అది గుంటా, నలుపా అన్నది తేల్చుకోవాలి. ముందు లిఫ్టులో తీసుకున్న సెల్ఫీ మర్చిపోండి, నెత్తి మీద దీపం ఉంటే ఎవరికైనా గుంటలే. పగలు కిటికీకి ఎదురుగా కూర్చుని చిన్న అద్దం పట్టుకోండి. వెలుతురు నేరుగా ముఖం మీద పడగానే మచ్చ మాయమైతే అది నీడ, అంటే గుంట. అప్పటికీ గోధుమరంగులో ఉండి, వేలితో చర్మాన్ని మెల్లగా లాగినా పోకపోతే అది రంగు. నీలంగా, ఊదాగా ఉంటే పల్చటి చర్మం కింద రక్తనాళాలు కనిపిస్తున్నాయి. చాలామందిలో ఈ మూడూ కొద్దికొద్దిగా కలిసే ఉంటాయి, ఏ పాలు ఎక్కువో చూసుకోవడమే పని.

రక్తహీనత ఉంటే ముఖం పాలిపోయి కళ్ల కింద ఇంకా నల్లగా కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కన మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి క్రీము కన్నా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మేలు, ఖర్చూ తక్కువ.

ఐదో మెట్టు: ఇంట్లో చేయగలిగినవి

గుంటను పూడ్చే ఇంటి వైద్యం లేదు. కీర ముక్కలు చల్లగా ఉండి హాయిగా ఉంటుంది, అంతే. బాదం నూనె చర్మాన్ని మెత్తబరుస్తుంది, కింద కొవ్వు పెంచదు. ఇంట్లో అయ్యే పని ఉన్న గుంట లోతవకుండా చూసుకోవడం.

అన్నిటికన్నా ముందు కళ్లు నులమడం మానాలి. దుమ్ము సరిపడక కళ్లు దురద పెట్టేవాళ్లు ఏళ్ల తరబడి నులిమి నులిమి చర్మాన్ని నల్లగా, వదులుగా చేసుకుంటారు. దురదకి డాక్టర్ ఇచ్చే చుక్కలు వాడండి. కాటుక తుడిచేటప్పుడు గుడ్డతో రుద్దకండి, దూదికి కాస్త కొబ్బరినూనె రాసి అద్ది తీయండి. సిగరెట్ మానాలి. ఎండలోకి వెళ్తే చలువ కళ్లద్దాలు పెట్టుకోండి, కళ్లకు మండని సన్‌స్క్రీన్ రాసుకోండి. బరువు తగ్గాలంటే నెమ్మదిగా తగ్గండి, పళ్లెంలో పప్పో గుడ్డో తగ్గనివ్వకండి. నిద్ర చాలకపోతే ఉన్న గుంట మరింత తేలుతుంది, నిద్రపోతే ఆ మేరకు తగ్గుతుంది.

తెల్లబడటానికని పక్కింటావిడ చెప్పిన ట్యూబు కంటి కింద రాయకండి. అలాంటివాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అసలే ఒంటి మీద అన్నిటికన్నా పల్చటి చర్మం అది, ఇంకా పల్చబడుతుంది. కంట్లోకి దిగితే కంటి ఒత్తిడి కూడా పెరగొచ్చు.

మేకప్ వేసుకునేవాళ్లకు ఒక చిట్కా. మన చర్మపు రంగు మీద తెల్లటి కన్సీలర్ పూస్తే బూడిద పూసినట్టుంటుంది. ముందు నారింజ ఛాయ కరెక్టర్ పల్చగా అద్దండి. ఆపైన మీ రంగు కన్సీలర్‌ని గీత పడినచోట మాత్రమే రాయండి. ఉబ్బి ఉన్న భాగం మీద రాస్తే ఉబ్బు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది.

ఆరో మెట్టు: క్లినిక్ మెట్లు ఎక్కే ముందు

గుంట అని తేలింది, అది మిమ్మల్ని బాధపెడుతోంది, చేతిలో డబ్బుంది. అప్పుడు ఫిల్లర్ గురించి ఆలోచించొచ్చు. హయలురోనిక్ యాసిడ్ జెల్‌ని గుంట అడుగున ఎక్కిస్తారు. అరగంటలో ఇంటికి రావచ్చు. చాలామందిలో ఏడాది అటూఇటూగా ఉంటుంది. అమెరికాలో ఇలాంటివాటికి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేకించి కంటి కింద గుంటలకని ఒక ఫిల్లర్‌కి మొదటిసారి అనుమతి ఇచ్చింది 2022లో, అంత ఆలస్యంగా. చెంపకీ పెదవికీ వాడినంత తేలిక కాదు ఇక్కడ వాడటం.

అందరికీ ఇది నప్పదు కూడా. కళ్ల కింద సంచులు ఉన్నవాళ్లకు జెల్ నీరు పీల్చుకుని ఇంకా ఉబ్బిస్తుంది. పైపైన వేస్తే చర్మం కింద నీలంగా కనిపిస్తుంది. అరుదుగానే అయినా, జెల్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. అందుకే బ్యూటీ పార్లర్లో, హోటల్ గదిలో, నెల రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ల దగ్గర వద్దే వద్దు. చర్మ వైద్యులో, ప్లాస్టిక్ సర్జనో, కంటి రెప్పల శస్త్రచికిత్సల్లో శిక్షణ పొందిన కంటి డాక్టరో చేయాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి పెద్దచోట్ల ఈ పనికి ప్రత్యేక విభాగమే ఉంది.

వెళ్లాక సిగ్గుపడకుండా అడగండి. జెల్‌ని కరిగించే హయలురోనిడేజ్ ఇంజెక్షన్ ఇప్పుడు ఇక్కడ ఉందా? కంటి కింద ఎంతమందికి చేశారు? సిరంజి సీలు నా ముందే విప్పుతారా, బ్యాచ్ నంబరు స్టిక్కర్ నా చీటీ మీద అంటిస్తారా? మొదటి ప్రశ్నకి తడబడితే లేచి వచ్చేయండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. ఇంట్లో పెళ్లి ఉంటే కనీసం మూడు వారాల ముందే చేయించుకోండి, కమిలిన మచ్చలు తగ్గే వ్యవధి కావాలి. మొదటిసారి కొంచెమే వేయించుకోండి. చాలకపోతే మళ్లీ వేస్తారు.

చేయించుకున్నాక చర్మం తెల్లగా పాలిపోయినా, వల అల్లినట్టు కమిలినా, నొప్పి తీవ్రంగా ఉన్నా అదే రోజు వెనక్కి వెళ్లాలి. చూపు మసకబారితే నిమిషాల మీద నడిచే పని, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేస్తూనే కంటి అత్యవసర విభాగానికి బయల్దేరండి.

లోతు ఎక్కువ ఉన్నవాళ్లకు పొట్ట నుంచో తొడ నుంచో తీసిన సొంత కొవ్వు నింపుతారు. అందులో కొంత కరిగిపోతుంది, రెండోసారి చేయాల్సి రావచ్చు. కింద సంచి, దాని కింద గుంట రెండూ ఉంటే ఆపరేషన్ చేసి సంచిలోని కొవ్వునే గుంటలోకి సర్దే పద్ధతి ఉంది. నా దృష్టిలో నడివయసు దాటినవాళ్లకు ఏటేటా సిరంజిల ఖర్చు కన్నా అదే నయం. మన రక్తమే తీసి ఎక్కించే పీఆర్పీ మీద గుంట పూడుతుందన్న ఆశ పెట్టుకోకండి, చర్మం కాస్త తేటపడితే అదే ఎక్కువ. అందం కోసం చేయించుకునే వీటికి ఆరోగ్య బీమా మామూలుగా డబ్బు ఇవ్వదు, కాబట్టి మొత్తం ఖర్చు ముందే కాగితం మీద రాయించుకోండి. మొదటి మెట్టులో తీసిన ఆ పాత ఫోటోలు కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టర్ కూడా ముందు అడిగేది అదే, ఎప్పటి నుంచి అని.