స్టెయిన్‌కి ముందు ఒక నీటిచుక్క
సెకండ్ హ్యాండ్‌లో కొన్న టేకు కుర్చీకి స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగు తెచ్చే ద్రవం) వేసే ముందు దానిమీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ఇంకకుండా నిలబడితే పాత పాలిష్ ఇంకా ఉన్నట్టే, స్టెయిన్ లోపలికి దిగదు. 120 నంబరు శాండ్ పేపర్‌తో, తర్వాత 220తో, చెక్క గీతల వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే పడ్డ గాట్లన్నీ స్టెయిన్ పడగానే నల్లగా తేలతాయి. పాత పెయింటైతే సీసం ఉండొచ్చు, తడిపి రుద్దండి, మాస్క్ తప్పనిసరి.

మన అనంతపురం ఎండల్లో ఇంకో తంటా ఉంది. తుడిచేలోపే స్టెయిన్ ఆరిపోయి మచ్చలు కడుతుంది. పొద్దున్నే, నీడలో పెట్టుకుని, ఒక్కో పలకకు గుడ్డతో పూసి మిగిలింది వెంటనే తుడిచేయండి. పెయింట్ వేసేటట్టయితే ఇంత శ్రమ అక్కర్లేదు (టేకుకు పెయింటంటే నాకైతే మనసొప్పదు), మెరుపు పోయేదాకా రుద్ది ప్రైమర్ కొడితే చాలు.