ట్యాపెట్ చప్పుడు, చప్పుడు లేని ట్యాపెట్: దేనికి భయపడాలి?

ఇంజిన్ పైభాగం నుంచి టక్‌టక్ వినిపిస్తే చాలామందికి టెన్షన్. అసలు సౌండే రాకూడదని పట్టుబట్టి ట్యాపెట్లు (వాల్వ్‌ల్ని నొక్కి తెరిచే భాగాలు) టైట్ చేయించేస్తారు, అంటే వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి గ్యాప్‌ని తగ్గించేస్తారు. కానీ లూజు వాల్వ్ కంటే బిగుసుకున్న వాల్వే ఎక్కువ నష్టం చేస్తుంది.

మీ ఇంజిన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లుంటే (ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ని తామే సర్దుకునేవి) సాధారణంగా గ్యాప్ సెట్టింగ్ అవసరమే ఉండదు. చప్పుడొస్తే ముందు ఆయిల్ లెవెల్, ప్రెషర్ చూడండి.

సమస్య: టక్‌టక్, ఆక్సిలరేటర్ నొక్కితే వేగంగా

కారణం: గ్యాప్ పెరిగింది. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్లు కూడా ఇలాగే టిక్‌టిక్ అంటాయి, అది మామూలే. చల్లటి ఇంజిన్‌లో, లోడ్ పడినప్పుడు ఎక్కువై, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీక్‌ని అనుమానించండి.

పరిష్కారం: గ్యాప్ సెట్ చేయడం.

సమస్య: చప్పుడు లేదు, ఐడిలింగ్‌లో వణుకు, పికప్ తక్కువ, వేడి మీద స్టార్ట్ కాదు

కారణం: గ్యాప్ మాయమై ఉండొచ్చు. సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే చోటు) అరిగేకొద్దీ వాల్వ్ రాకర్ (వాల్వ్‌ని నొక్కే చేయి) వైపు జరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే హెడ్‌కి (సిలిండర్ల పైన ఉండే దిమ్మె) వదులుతుంది. పూర్తిగా మూసుకోకపోతే అంచు కాలిపోతుంది, అదీ ముందు ఎగ్జాస్ట్ వాల్వ్‌దే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లలో సీటు త్వరగా అరుగుతుంది కాబట్టి తరచుగా చూసుకోవాలి.

పరిష్కారం: గ్యాప్ సరిచేసి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతుందో కొలవడం) చేయండి. కంప్రెషన్ వస్తే అదృష్టం. రాకపోతే, వాల్వ్ దగ్గరే లీకవుతోందని తేలాక హెడ్ దించాలి.

సెట్ చేసేటప్పుడు

మాన్యువల్ వేరేలా చెప్పకపోతే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చాలా చిన్న ఇంజిన్లలో ఇన్‌టేక్ 0.15–0.20, ఎగ్జాస్ట్ 0.20–0.30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అయినా మాన్యువల్ అంకెదే తుది మాట. ప్లగ్గులు విప్పితే క్రాంక్ పుల్లీ సులువుగా తిరుగుతుంది. ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పండి. ఒకటో సిలిండర్ టీడీసీలో (పిస్టన్ పైకొసకు చేరినప్పుడు) రెండు రాకర్లూ కొంచెం ఆడాలి. ఆడకపోతే బహుశా ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఉన్నారు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. నాలుగు సిలిండర్లయితే ఆపై ఫైరింగ్ ఆర్డర్‌లో (సిలిండర్లు మండే వరుస) అర చుట్టు చొప్పున, మూడైతే 240 డిగ్రీల చొప్పున వెళ్లాలి.

ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచటి రేకు) కొద్దిగా పట్టుకుంటూ జారాలి. చేతులు తడబడేది లాక్‌నట్ దగ్గరే: బిగిస్తుంటే గ్యాప్ సెట్ చేసే స్క్రూ కూడా తిరిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో ఆపి పట్టి బిగించి, మళ్లీ కొలవండి.

కొలత కరెక్టే, సౌండ్ మాత్రం పోలేదా? రాకర్ కొనలో గుంట పడి ఉండొచ్చు. గేజ్ గుంట మీదుగా పోతుంది, లోపల అసలు గ్యాప్ ఎక్కువే ఉంటుంది. రాకర్ మార్చాల్సిందే.

షిమ్ (గ్యాప్‌ని సరిచేసే చిన్న లోహపు బిళ్ల) రకమైతే స్క్రూ ఉండదు. పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావలసిన గ్యాప్ తీసేయండి: 2.70 + 0.30 − 0.20 = 2.80. చాలావాటిలో షిమ్ మార్చాలంటే క్యామ్‌షాఫ్టే (వాల్వ్‌ల్ని నడిపే కడ్డీ) తీయాలి, టైమింగ్ మీద పట్టు లేకపోతే మెకానిక్‌కి వదిలేయండి.

సమస్య: సెట్టింగ్ తర్వాత కాలిన ఆయిల్ వాసన

గట్టిపడ్డ పాత ప్యాకింగ్‌నే మళ్లీ వేసినందువల్ల ట్యాపెట్ కవర్ లీకై, ఆయిల్ మానిఫోల్డ్ మీద పడుతూ ఉండొచ్చు. కొత్తది వేసి, బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి.