లెన్సుకి మంచు పట్టి మాయమైన గెలాక్సీలు

శ్రీకాకుళంలో మా డాబా మీద నుంచి టెలిస్కోపుతో కోమా గెలాక్సీ గుంపును ఫొటోలు తీస్తుంటే, గంట దాటేసరికి ఫొటోలు మసకబారేవి. 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరం కదా, ముందు మాయమయ్యేవి చిన్న గెలాక్సీలే. ఫోకస్ మార్చాను, ఎక్స్‌పోజర్ పెంచాను, కెమెరాని తిట్టాను, లాభం లేదు. టార్చి వేసి చూస్తే లెన్సు నిండా మంచు. సముద్రపు గాలి మరి!

పనిచేసింది ఇదీ: చీకటి పడగానే పాత యోగా మ్యాట్‌ని టెలిస్కోపు గొట్టానికి చుట్టాను, లెన్సు వెడల్పుకి రెండింతలు ముందుకు పొడుచుకొచ్చేలా. లెన్సు చుట్టూ హీటర్ పట్టీ కట్టి, మంచు పట్టకముందే తక్కువ వేడిలో ఆన్ చేశాను. అరగంట ఆగి, అప్పుడు ఫోకస్. వేడికి ఫోకస్ కదులుతుంది. ముందే చేసేసి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. తర్వాత నిమిషం చొప్పున 120 ఫొటోలు తీసి కలిపితే గుంపు మధ్యలోని రెండు పెద్ద గెలాక్సీలు ఎన్‌జీసీ 4874, 4889 చుట్టూ చిన్నవీ తేలాయి.

నాది 80 మి.మీ. లెన్సు టెలిస్కోపు. అద్దం ఉన్నవాటికి ఇదే సరిపోతుందని చెప్పలేను.