సిజేరియన్ గాయానికి చీము పట్టకుండా – 3వ పాఠం: కోతకు ముందు గంట

సిజేరియన్ గాయంలో చేరే సూక్ష్మజీవులు చాలావరకు తల్లి చర్మం నుంచీ యోనిమార్గం నుంచీ వచ్చేవేనని గత పాఠంలో చూశాం. డిశ్చార్జి అయ్యాక కుట్ల దగ్గర చీము కనిపిస్తే డ్రెస్సింగ్‌ని తప్పుపడతాం గానీ, దానికి దారి తెరుచుకునేది ఎక్కువగా థియేటర్‌లోనే. అందుకే ఈ పాఠమంతా కత్తి పెట్టకముందు చేసే పనుల గురించే.

యాంటీబయాటిక్

బిడ్డకు మందు చేరకూడదని ఒకప్పుడు బొడ్డుతాడు బిగించాకే ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఇప్పుడు కోతకు ముందే ఇస్తున్నారు. కోత పడే వేళకే మందు కొవ్వులోనూ కండలోనూ సరిపడా ఉండాలి. ఇలా మార్చాక తల్లికి గాయంలోనూ గర్భాశయంలోనూ ఇన్ఫెక్షన్లు తగ్గాయి. బిడ్డకు హాని పెరిగినట్టు తేలలేదు.

సాధారణంగా వాడేది సెఫజోలిన్: 2 గ్రాములు సిరలోకి, కోతకు ముందు 60 నిమిషాల లోపు. బరువు 120 కిలోలు, అంతకు మించితే 3 గ్రాములు. అత్యవసరమైతే నిర్ణయం జరిగిన వెంటనే ఇచ్చేయాలి, మందు కోసం ఆపరేషన్ ఆపకూడదు. రక్తం 1500 మిల్లీలీటర్లు దాటి పోయినా, మొదటి డోసు ఇచ్చి 4 గంటలు గడిచాక కూడా ఆపరేషన్ సాగుతూనే ఉన్నా ఇంకో డోసు వేయాలి. అవేవీ లేకపోతే ఒక్కటే చాలు. ఇన్ఫెక్షన్ లేని తల్లికి ‘ఎందుకైనా మంచిది’ అని ఐదు రోజులు పొడిగిస్తే గాయానికి ఒరిగేదేమీ లేదు, మందుకు లొంగని సూక్ష్మజీవులు మాత్రం పెరుగుతాయి.

నొప్పులు మొదలయ్యాకో, ఉమ్మనీరు పోయాకో సిజేరియన్ చేస్తుంటే అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు కూడా కలుపుతారు. కారణం యూరియాప్లాస్మా అనే సూక్ష్మజీవి. సెఫజోలిన్ దెబ్బతీసేది సూక్ష్మజీవి కణకవచాన్ని. యూరియాప్లాస్మాకు అసలు కణకవచమే లేదు. ఈ మందును 250 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించాలి. సిరంజితో నేరుగా సిరలోకి నెట్టకూడదు.

పెన్సిలిన్ తీవ్రంగా పడని తల్లికి సెఫజోలిన్ బదులు క్లిండామైసిన్ 900 మిల్లీగ్రాములు, జెంటామైసిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వడం వాడుక. ‘పడదు’ అంటే ఏమైందో అడగండి. వాంతి అయిందా, ఊపిరాడలేదా అన్నదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయం మారిపోతుంది.

వెంట్రుకలు

బ్లేడుతో గీయవద్దు. కంటికి కనబడని గాట్లు పడి, వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముందురోజు రాత్రే గీస్తే వాటికి ఇంకా ఎక్కువ సమయం ఇచ్చినట్టు. అడ్డుగా ఉంటేనే, ఆపరేషన్‌కు కాస్త ముందు క్లిప్పర్‌తో కత్తిరించాలి.

యోనిమార్గం

చాలాచోట్ల వదిలేసే పని ఇదే. పోవిడోన్ అయోడిన్‌లో ముంచిన స్పాంజితో సుమారు 30 సెకన్లు లోపల తుడవాలి. నొప్పుల్లో ఉన్నవారికి, ఉమ్మనీరు పోయినవారికి దీని మేలు ఎక్కువ. ఆల్కహాల్ కలిసిన ద్రావణం ఇక్కడ ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

పొట్ట చర్మం

ఆల్కహాల్‌తో కూడిన క్లోర్‌హెక్సిడిన్ మొదటి ఎంపిక. పొడి చర్మంపై 30 సెకన్లు, పొట్ట మడత, గజ్జల వంటి చెమ్మ చోట్ల 2 నిమిషాలు ముందుకూ వెనక్కూ రుద్దాలి. బరువైన పొట్టయితే మడతను ఒకరు పైకెత్తి పట్టుకోవాలి, లేకపోతే కోత పడే చోటే మందు తగలదు.

తర్వాత కనీసం 3 నిమిషాలు దానంతటదే ఆరనివ్వాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తొందరపడి గాజుగుడ్డతో ఒత్తేస్తే రాసిన మందును మనమే తీసేసినట్టు. ఆరకుండా డయాథెర్మీ (కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే పరికరం) వాడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. నడుము కిందకు కారి గుడ్డ తడిసిందేమో చూసి, తడిస్తే డ్రేప్ (ఆపరేషన్ చోటు చుట్టూ కప్పే శుభ్రమైన గుడ్డ) వేయకముందే మార్చండి. వెంట్రుకలున్న చోట ఆరడానికి గంట దాకా పట్టొచ్చు కనుక అక్కడికి పారనివ్వకండి. మూడు నిమిషాలు కూడా ఆగలేని పరిస్థితిలో ఆల్కహాల్ లేని పోవిడోన్ అయోడిన్ పనికొస్తుంది.

వెచ్చదనం, చక్కెర

వెన్నులో మత్తు ఇచ్చాక ఒంటి వేడి త్వరగా జారిపోతుంది. 36 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే చర్మపు రక్తనాళాలు ముడుచుకుని, గాయానికి ఆక్సిజన్ తగ్గుతుంది. సెలైన్ వెచ్చబెట్టండి, ఒళ్లు కప్పి ఉంచండి. మధుమేహం ఉంటే థియేటర్‌కు తెచ్చేముందు చక్కెర ఎంతుందో చూడండి.

అభ్యాసం

96 కిలోల తల్లి. ఉమ్మనీరు పోయి 6 గంటలైంది, నొప్పులు వస్తున్నాయి. రాత్రే బ్లేడుతో వెంట్రుకలు తీశారు. బిడ్డ గుండె వేగం పడిపోవడంతో అత్యవసర సిజేరియన్‌కు నిర్ణయించారు. 10:00కు సెఫజోలిన్ 1 గ్రాము ఇచ్చారు, వేరే మందేదీ ఇవ్వలేదు. 10:05కు పొట్టకు ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్ రాసి, గాజుగుడ్డతో ఒత్తి, 10:07కు కోత పెట్టారు.

తప్పులన్నీ రాయండి. మందుకూ కోతకూ మధ్య 7 నిమిషాలే ఉండటం తప్పో కాదో కారణంతో చెప్పండి. జవాబులతో 4వ పాఠం మొదలవుతుంది. ఆ తర్వాత మాయను చేత్తో తీయడం, 2 సెంటీమీటర్లు, అంతకు మించిన కొవ్వు పొరకు కుట్టు.